తాగినోడికి లివరెందుకు అనేవాళ్ళకి

మా అక్క మా బావకి లివర్ ఇవ్వనంది. ఈ సంగతి చాలాకాలం మా ఇంట్లో ఇద్దరికే తెలుసు, అక్కకీ నాకూ. చుట్టాలందరికీ తెలిసింది ఆసుపత్రివాళ్ళు చెప్పిన మాట ఒక్కటే: "ఆవిడ లివర్ సరిపోలేదు." పోయినేడాది వాళ్ళ అత్తగారు కూడా పోయాక అక్క తన కొడుక్కి అసలు విషయం చెప్పేసింది. ఆ తర్వాత నేనడిగాను, దీని గురించి రాయనా అని. "రాయి, పేర్లు పెట్టకు, ఊరు కూడా పెట్టకు" అంది. కాసేపాగి, "మీ బావని మరీ చెడ్డవాడిలా రాయకు" అని కూడా అంది.

బావ మంచివాడే. తాగేవాడు. మన వైపు ఈ రెండు మాటలూ ఒకే మనిషి గురించి ఎన్నిసార్లు విని ఉంటారో లెక్కలేదు, "మనిషి బంగారం, ఆ ఒక్కటే లేకపోతే" అని. ఆయనకి ఎరువుల కొట్టుండేది. సీజన్లో రైతులకి అరువులు, సీజనయ్యాక వసూళ్ళ టెన్షన్, ఆ టెన్షన్ దించుకోవడానికి సాయంత్రం కొట్టు వెనకాల ఒక క్వార్టర్, పదిహేడేళ్ళలో ఆ క్వార్టర్ హాఫయింది, హాఫ్ ఫుల్లయింది, సాయంత్రం కాస్తా మధ్యాహ్నమైంది. కళ్ళు పచ్చబడినప్పుడు వాళ్ళమ్మ పచ్చకామెర్లనుకుని పసరు పోయించింది, చప్పిడి పథ్యం పెట్టింది. మూడు వారాలు అలా పోయాయి. పొట్ట కుండలా ఉబ్బి, కాళ్ళు నొక్కితే వేలు దిగబడేంత వాచాక హైదరాబాద్ తీసుకొచ్చాం. కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్ 22.

ఇలాంటి కేసు గురించి ఎక్కడ మాటొచ్చినా, పెళ్ళి భోజనాల దగ్గర కానీ వాట్సాప్ గ్రూపుల్లో కానీ, ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "తాగి తాగి చెడగొట్టుకున్నోడికి ఇంకోడి లివరెందుకండీ, ఏ పాపం ఎరగని చిన్నపిల్లకిస్తే బతుకుతుంది కదా." నా సమాధానం ముందే చెప్పేస్తాను. తాగినవాడికీ ఇవ్వాలి. అక్క మాత్రం ఇవ్వక్కర్లేదు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమని నాకు అనిపించడం లేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది.

ముందు ఆరు నెలల రూలు సంగతి. "సిర్రోసిస్ ఎప్పటినుంచో ఉంది, దానిమీద ఇప్పుడు ఆల్కహాలిక్ హెపటైటిస్ వచ్చింది" అన్నాడు డాక్టరు. లివర్ మచ్చలుపడి గట్టిపడిపోవడం సిర్రోసిస్, తాగుడు వల్ల అది వాచిపోవడం ఆల్కహాలిక్ హెపటైటిస్. ఎండిపోయిన చెట్టుకి నిప్పంటుకున్నట్టు అని నేను అర్థం చేసుకున్నాను. స్టెరాయిడ్లు మొదలుపెట్టి ఏడో రోజున రక్తం మళ్ళీ చూశారు. బిలిరుబిన్ దిగే తీరుని బట్టి లీల్ స్కోరని ఒకటి కడతారు, ఫ్రాన్సులో ఆ పేరున్న ఊళ్ళో పుట్టిన లెక్క అది. బావకి మందు పనిచేయలేదని తేల్చింది. అలా స్టెరాయిడ్లకి లొంగకపోతే ఆరు నెలలు దాటేవాళ్ళు నలుగురిలో ఒకరు, అంతే. మరి ట్రాన్స్‌ప్లాంట్ చేయండి సార్ అంటే, తాగడం మానేసి ఆరు నెలలు గడిస్తే లిస్టులో పెడతాం అన్నారు. ఆరు నెలలు బతికి చూపిస్తే అప్పుడు బతికిస్తాం అన్నట్టు.

ఈ రూలు వెనకాల రెండు కారణాలు చెప్తారు. మొదటిది సరైనదే. తాగడం ఆపేస్తే కొంతమందికి లివర్ తనంతట తనే కోలుకుంటుంది, పొట్టలో నీరు తగ్గిపోతుంది, ఆపరేషన్ అవసరమే ఉండదు. ఆగి చూడకుండా కోసేయడం తప్పు. కానీ బావలాంటివాళ్ళ దగ్గర ఆగి చూసే టైమే ఉండదు. రెండో కారణం, ఆరు నెలలు ముట్టకుండా ఉన్నవాడు ఇకమీదట కూడా ముట్టడని నమ్మకం. 1997లో అమెరికాలో నిపుణులు కూర్చుని లిస్టులో చేర్చడానికి కనీస షరతుల్లో దీన్ని పెట్టాక ప్రపంచమంతా పాకింది. ఎక్కువ కాలం మానేసినవాడు మళ్ళీ మొదలుపెట్టే అవకాశం తక్కువన్నది నిజమే. అయితే 179వ రోజు దాకా నమ్మకూడని మనిషి 181వ రోజున నమ్మదగినవాడు ఎలా అయిపోతాడో ఎవరూ చూపించలేదు.

మా అక్కనడిగితే చెప్పేది. బావ మూడుసార్లు అయ్యప్ప మాల వేశాడు. ఆ 41 రోజులూ చుక్క ముట్టేవాడు కాదు, తెల్లారి నాలుగింటికి చన్నీళ్ళు, రెండు పూటలా పూజ, నేల మీద పడక, ఇంట్లో అందరితో "స్వామీ" అని మెత్తటి మాట. అక్క ఆ రోజుల్లో మనిషే మారిపోయేది, మొహం తేటపడేది. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన రాత్రి కొట్టు వెనకాల సీసా మళ్ళీ తెరుచుకునేది. ఆరు నెలల రూలు నా దృష్టిలో పొడుగాటి మాల. మాల వేసినంత కాలం మనిషి ఎలా ఉన్నాడో అది చెప్తుంది, తీశాక సంగతి దానికి తెలీదు.

ఆగకుండా మారిస్తే ఏమవుతుందో చూసినవాళ్ళున్నారు. ఫ్రాన్స్, బెల్జియంలలోని 7 ఆసుపత్రులు కలిసి, స్టెరాయిడ్లకి లొంగని ఇలాంటి రోగులు 26 మందికి ఆరు నెలలు ఆగకుండానే లివర్ మార్చాయి. 2011లో ఫలితాలు బయటికొచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే వాళ్ళలో 77% మంది బతికున్నారు, అదే జబ్బుతో ఉండి మార్పిడి జరగనివాళ్ళలో 23% మంది. ఆ 26 మందిలో తర్వాత మళ్ళీ తాగింది ముగ్గురు. 2018లో అమెరికాలో 12 కేంద్రాల లెక్క వచ్చింది, ఇలా ముందే మార్పించుకున్న 147 మందిలో ఏడాదికి 94%, మూడేళ్ళకి 84% మంది బతికే ఉన్నారు. ఏ జబ్బు వల్ల లివర్ మార్చినా వచ్చే ఫలితాలకి ఇవేం తీసిపోవు. అసలు తాగుడు వల్ల సిర్రోసిస్ వచ్చినవాళ్ళకి మార్పిడి చేస్తే మిగతావాళ్ళలాగే బతుకుతారని, లివర్ మార్పిడికి ఆద్యుడైన థామస్ స్టార్జిల్ 1988లోనే పిట్స్‌బర్గ్ లెక్కలతో చూపించాడు. వైద్యం తరఫున ఉన్న అభ్యంతరం అక్కడికే చాలావరకు తేలిపోయింది. మిగిలింది మన కోపం.

నాకు నచ్చని లెక్క కూడా ఒకటుంది, దాచకూడదు. 2022లో అదే ఫ్రాన్స్, బెల్జియం నుంచి వచ్చిన ఇంకో పరిశీలనలో, రెండేళ్ళలోపు మళ్ళీ తాగినవాళ్ళు ఆగకుండా మార్పించుకున్నవాళ్ళలో 34% తేలారు, ఆరు నెలలు ఆగినవాళ్ళలో 25%. బాగా ఎక్కువగా తాగినవాళ్ళని మాత్రమే చూస్తే 22%, 5%. అది చిన్న తేడా కాదు. అంటే లివర్ మార్చినంత మాత్రాన తాగుడు మారదు, దానికి వేరే వైద్యం కావాలి అని. ఈ ముక్క చెప్పడానికి ఫ్రాన్స్ దాకా పోనక్కర్లేదనుకోండి.

పైగా 2011 నాటి ఆ 26 మందిని ఏరిన తీరు చూడాలి. లివర్ జబ్బు మొదటిసారి బయటపడ్డవాళ్ళే, మనసుకి సంబంధించి ఇంకే పెద్ద జబ్బూ లేనివాళ్ళే, ఇంట్లో గట్టి అండ ఉన్నవాళ్ళే, అదీ టీమ్‌లో అందరూ ఒప్పుకుంటేనే. ఆ జబ్బుతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో నూటికి ఇద్దరు కూడా ఆ జల్లెడలో నిలవలేదు. "ఇంట్లో గట్టి అండ" అన్న మాట గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

రూలు వల్ల ఇంకో నష్టం ఉంది, ఎవరూ రాయరు. అది మనుషులతో అబద్ధాలాడిస్తుంది. "చివరిసారి ఎప్పుడు తాగారు?" అని డ్యూటీ డాక్టరు అడిగితే, బావ నోరు తెరవకముందే నేను "దసరాకి సార్" అన్నాను. అప్పటికి సంక్రాంతి దాటింది. నిజానికి అడ్మిట్ చేయడానికి నాలుగు రోజుల ముందు మంచం కింద సీసా దొరికింది. పెత్ అని ఒక రక్తపరీక్ష ఉంది, మూడు నాలుగు వారాల కిందట తాగింది కూడా పట్టేస్తుంది, నాకప్పుడు తెలీదు. రిపోర్టు చేతిలో పట్టుకుని వచ్చి ఆ కుర్రడాక్టరు, "ఏంటండీ, ఈసారి దసరా లేటుగా వచ్చిందా మీ ఊళ్ళో?" అన్నాడు. బావ నవ్వాడు. ఆ వారంలో ఆయన నవ్వింది అప్పుడే. నేను మాత్రం ఆ రోజంతా క్యాంటీన్‌లోనే కూర్చున్నాను. నిజం చెప్తే లిస్టులోంచి తీసేస్తారనే భయం ఉన్నచోట ఏ ఇంటివాళ్ళు నిజం చెప్తారు? నిజం తెలీకుండా తాగుడుకి వైద్యం ఎవరు చేస్తారు?

డబ్బు దగ్గరా ఇదే గొడవ. బావకి ఐదు లక్షల పాలసీ ఉంది. మద్యం, మత్తుపదార్థాల వ్యసనానికి, వాటివల్ల వచ్చే జబ్బులకి చెల్లించరని పాలసీ కాగితాల్లో ఒక మినహాయింపు ఉంటుంది, బీమా కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో అది పన్నెండోది. కేస్ షీట్‌లో 'ఆల్కహాల్' అన్న ఒక్క మాట పడితే క్లెయిము పోయినట్టే. ఆ మాట రాయొద్దని డాక్టరుని బతిమాలాను, కారణం తెలియని సిర్రోసిస్ అని రాయమన్నాను. "రేపు ఆపరేషన్ చేసేవాళ్ళకి ఈ కాగితమే దారి చూపించేది, అందులో అబద్ధం రాయలేనండీ" అన్నాడు. ఆయన చేసింది సరైన పనే. తమాషా ఏంటంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం దుర్వినియోగంతో ముడిపడ్డ మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యంలోనే కలిపింది, ఆ అనారోగ్యానికి శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని కూడా అంది. ఒక చట్టం జబ్బంటుంది, ఒక కాగితం నీ తప్పంటుంది. మధ్యలో పాతిక లక్షల ఎస్టిమేటు పట్టుకుని మనం నిలబడి ఉంటాం.

ఇక "తప్పు" సంగతి. 1991లో అమెరికాలో మాస్, సీగ్లర్ అని ఇద్దరు డాక్టర్లు ఒక వ్యాసంలో వాదించారు, లివర్లు తక్కువున్నప్పుడు తాగుడు వల్ల చెడినవాళ్ళు క్యూలో వెనక ఉండాలని. వాళ్ళని రాక్షసులనుకోకండి, వాళ్ళ మాటలో పద్ధతుంది: తాగుడు జబ్బే కావచ్చు, కానీ ఆ జబ్బుకి వైద్యం చేయించుకునే బాధ్యత ఆ మనిషిదే కదా అంటారు. ఇంకో భయం కూడా చెప్పారు, ఇలా ఇస్తే జనం అవయవదానమే మానేస్తారని. ఈ భయానికి సాక్ష్యంగా అందరూ చూపించే మనిషి ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్. 2002 జూలైలో లండన్‌లో ప్రభుత్వ ఖర్చుతో లివర్ మార్చారు, ఆయన మళ్ళీ తాగాడు, 2005 నవంబరులో 59 ఏళ్ళకి పోయాడు. పేపర్లు దుమ్మెత్తిపోశాయి. మార్పించుకున్నాక ముట్టకుండా, కొత్త లివర్‌ని ఒళ్ళు తోసేయకుండా పొద్దునా రాత్రీ టాక్రోలిమస్ మాత్రలు వేసుకుంటూ, పొలానికో ఆఫీసుకో పోతూ పేపర్లకెక్కకుండా బతికేవాళ్ళే ఎక్కువ. 2008లో అనేక పరిశీలనల్ని కలిపి లెక్కేస్తే ఏడాదికి నూటికి ఐదారుగురు మళ్ళీ ఎంతో కొంత తాగుతున్నారని, ఇద్దరు ముగ్గురు బాగా తాగుతున్నారని తేలింది. ఒక్క బెస్ట్ పేరు చెప్పి వీళ్ళందరి తలుపూ మూసేస్తామా?

తప్పుల లెక్కే చూసేటట్టయితే అందరివీ చూడాలి. రోజుకి రెండు పెట్టెలు కాల్చినవాడికి బైపాస్ చేస్తున్నాం, సిగరెట్ మానేసి ఆరు నెలలాగి రమ్మని గుండెపోటులో ఉన్నవాణ్ణి వెనక్కి పంపట్లేదు. తాగుడు అలవాటే లేకుండా, కొవ్వు పట్టి లివర్ చెడినవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళల్లో పెరిగిపోతున్నారు. వాళ్ళని ఆరు నెలలు బిర్యానీ మానేసినట్టు రుజువు తెమ్మని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. విపరీతంగా తాగేవాళ్ళందరికీ సిర్రోసిస్ రాదు, ఐదారుగురిలో ఒకరికొస్తుంది. బావతోపాటు అదే కొట్టు వెనకాల, అదే సీసాలోంచి తాగిన ఇద్దరు ఇప్పటికీ పొద్దున్నే వాకింగ్ చేస్తున్నారు. జన్యువులు, ఒంటి తీరు, అదృష్టం. ఇంకో సంగతి. ప్రమాదంలో బ్రెయిన్‌డెడ్ అయినవాళ్ళ నుంచి వచ్చే లివర్లు తక్కువేం కాదు. హెల్మెట్ లేకుండా, ఒక్కోసారి తాగి బండి నడిపి పడ్డ కుర్రాడి లివర్‌ని మహాదానం అంటాం, దండం పెడతాం. అదే కుర్రాడు ఆ రోజు పడకుండా ఇంటికెళ్ళి ఇరవయ్యేళ్ళ తర్వాత పచ్చకళ్ళతో వచ్చుంటే తాగుబోతు వెధవ అంటాం.

అమ్మేవాడి మాట కూడా ఎత్తాలి కదా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకితే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997కల్లా ఖజానా గుర్తొచ్చి ఎత్తేశారు. ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ మద్యం హోల్‌సేల్ వ్యాపారం ప్రభుత్వ కార్పొరేషన్లదే. 2024 అక్టోబరులో ఆంధ్రాలో రూ.99కి క్వార్టర్ తెచ్చి అదొక సంక్షేమ పథకం అన్నట్టు చెప్పుకున్నారు. బావ తాగిన ప్రతి క్వార్టర్ మీదా ప్రభుత్వానికి వాటా ముట్టింది. ఆయన బాధ్యత ఏమీ లేదని నేననను, ఉంది, చాలా ఉంది. ఆయన ఒక్కడిదే అంటే మాత్రం ఒప్పుకోను.

ఇంతవరకూ చెప్పిందంతా పడమటి దేశాల్లో ముప్ఫై ఏళ్ళుగా నలుగుతున్న వాదనే. అక్కడ ప్రశ్న క్యూ గురించి, చనిపోయినవాడి లివర్ ఎవరికి పోవాలని. మన దగ్గర లివర్ మార్పిళ్ళలో అత్యధికం బతికున్న దాతవే. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది, ఎందుకంటే మన దగ్గర క్యూ ఉండదు, ఇల్లుంటుంది.

మొదటి ఆసుపత్రి ఆరు నెలలంది కదా, రెండో ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ అడిగిన మొదటి మాట "డోనర్ ఉన్నారా?" అని. ఉంటే ఆరు నెలలు అక్కర్లేదట, పరీక్షలన్నీ అయితే పది రోజుల్లో చేసేస్తారట. అంతటి పవిత్రమైన రూలు డోనరూ డబ్బూ కనిపించగానే కరిగిపోయింది. నాకు అప్పుడు ఆనందమే వేసింది, ఒప్పుకుంటున్నాను. అందరి కళ్ళూ అక్క మీదకి తిరిగాయి.

1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం దగ్గరి బంధువులంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. 2011 సవరణలో తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు, మనవలు కూడా చేరారు. కాగితం మీద ఇంతమంది ఉంటే మా వరండాలో ఒక్క మనిషే ఉంది. బావ తమ్ముడు "నాకు షుగరుంది" అన్నాడు, ఆయన్ని రిపోర్టు ఎవరూ అడగలేదు. బావ అన్నయ్య "మా ఆవిడ ఒప్పుకోదు" అన్నాడు, అదీ సరే అన్నారు. అత్తగారు అక్క చెయ్యి పట్టుకుని, "నీ పసుపు కుంకుమలు నీ చేతుల్లోనే ఉన్నాయి తల్లీ" అంది. ఆవిడ కొడుకు కోసం ఏడుస్తోంది, ఆవిణ్ణి ఏమంటాం. కానీ ఆ మాటలో ఎంత బరువుందో తెలుగింట్లో పుట్టిన ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. దేశంలో బతికుండగా అవయవాలిచ్చినవాళ్ళలో సగం కంటే చాలా ఎక్కువ మంది ఆడవాళ్ళు, పుచ్చుకున్నవాళ్ళలో ఎక్కువ మంది మగవాళ్ళు అని అవయవ మార్పిళ్ళు చూసే కేంద్ర సంస్థ నోటో లెక్కలు చెప్తాయి. ఆ లెక్కలు మా వరండాలోనే పుట్టినట్టు అనిపించింది నాకు.

లివర్ ఇవ్వడమంటే రక్తం ఇవ్వడం లాంటిది కాదు. సాధారణంగా కుడి భాగం, అంటే దాదాపు 60% కోసి తీస్తారు. మిగిలింది కొన్ని నెలల్లో పెరుగుతుంది, అది నిజంగా అద్భుతమే. కానీ పొట్ట అడ్డంగా కోయాలి, రెండు మూడు నెలలు బరువెత్తకూడదు, పైత్యరసం కారడం లాంటి ఇబ్బందులు రావచ్చు, వెయ్యి మంది దాతల్లో ఇద్దరి నుంచి ఐదుగురి దాకా చనిపోయే ప్రమాదం ఉంది. మా అక్కకి అప్పుడు 44. ఆ పదిహేడేళ్ళూ కొట్టు లెక్కలు ఆవిడే చూసింది, అప్పులవాళ్ళకి ఆవిడే సమాధానం చెప్పింది. "మనిషికి తెలియకుండా తాగుడు మాన్పిస్తాం" అని గోడ మీద చూసిన నంబరుకి డబ్బు కట్టి, తెప్పించిన పొడి మూడు నెలలు సాంబారులో కలిపింది. (ఆ పొడుల్లో ఏముంటుందో కలిపేవాళ్ళకి తెలీదు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ లాంటి మందు ఉంటే చెడిన లివర్‌కి అదింకా ప్రమాదం. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.)

ఇప్పుడు "ఇంట్లో గట్టి అండ" అన్న మాట దగ్గరికి రండి. ఎంపిక ఫారాల్లో అదొక గడి. ఆ గడి నింపేది ఒక ఆడమనిషి. ఆపరేషన్‌కి ముందు తాగకుండా కాపలా ఆవిడే, ఆపరేషన్‌కి లివర్ ఆవిడదే, ఆపరేషన్ తర్వాత కోత మానకముందే మాత్రల టైము చూసేదీ ఆవిడే, మళ్ళీ తాగితే "సరిగ్గా చూసుకోలేదు" అనిపించుకునేదీ ఆవిడే. ఒక మనిషి ఆసరా అయిపోయి అలిసిపోయినప్పుడు ఆ గడిలో ఏం రాస్తారు?

అవయవ మార్పిడికి పెట్టిన 2014 నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. దాత ఆడమనిషైతే ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలని, ఆవిడ గుర్తింపునీ సొంత ఇష్టాన్నీ పుచ్చుకునేవాడు కాకుండా వేరే మనిషి నిర్ధారించాలని. చాలాచోట్ల ఇది వీడియో తీసి, సంతకం పెట్టించుకునే తంతుగా అయిపోతుంది. మా అక్క అదృష్టం, ఆ రోజు దాతతో విడిగా మాట్లాడే గదిలో ఉన్న ఆసుపత్రి కోఆర్డినేటరు అమ్మాయి దాన్ని తంతులా చూడలేదు. తలుపేసింది, ఫోన్ ఆఫ్ చేయమంది, నన్ను కూడా బయటికి పొమ్మంది. లోపల జరిగింది ఆ సాయంత్రం పార్కింగ్ దగ్గర సిమెంటు బెంచీ మీద కూర్చుని అక్క చెప్పింది. చెప్తున్నంతసేపూ నీళ్ళ సీసా మూత తిప్పుతూనే ఉంది.

"భయంగా ఉందా అండీ?" అందట ఆ అమ్మాయి.

"భయం కాదమ్మా. ఇచ్చాక కూడా తాగితే?"

"తాగకపోవచ్చు. తాగొచ్చు కూడా. గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు."

"అయితే నావల్ల కాదు."

"సరే అండీ. లివర్ సరిపోలేదని మేం చెప్తాం. మీరెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

"రెండు నిమిషాల్లో అయిపోయిందిరా" అంది అక్క. "ఈ పదిహేడేళ్ళలో నేను చెప్పిన మాట ఒక్కసారికే విన్నది ఆ అమ్మాయొక్కతే."

డాక్టర్లు ఇలా దాతకి అడ్డం నిలబడి చెప్పే అబద్ధం వైద్య నీతిలో చాలాకాలంగా చర్చలో ఉన్నదే. అబద్ధం ఎలా చెప్తారని కొందరు తప్పుపడతారు. నేను చెప్పిన దసరా అబద్ధానికీ ఈ అబద్ధానికీ తేడా ఏంటని నేనూ చాలాసార్లు ఆలోచించాను. నాది ఒక రూలుని దాటడానికి. ఆ అమ్మాయిది, ఇవ్వనన్నాక ఆ ఇంటికే తిరిగి వెళ్ళాల్సిన ఆడమనిషి కోసం. అక్క "ఇవ్వను" అని వరండాలో పైకి చెప్పుంటే ఈ పాటికి ఊరంతా ఆవిణ్ణి మొగుణ్ణి చంపుకున్నదని అనేది. అనేవాళ్ళలో షుగరున్న తమ్ముడు కూడా ఉండేవాడు.

తర్వాత మేనల్లుడు వచ్చాడు హాస్టల్ నుంచి. 21 ఏళ్ళు. అక్క వద్దంటే వద్దంది, వాడు మేజర్ కదా, నేనిస్తాను అన్నాడు. వాణ్ణీ అలాగే విడిగా అడిగారు, వాడు ఇష్టంగానే ఒప్పుకున్నాడు. స్కాన్‌లో కొలిస్తే, కుడి భాగం తీశాక వాడికి మిగిలేది 26 శాతమే వచ్చింది. కనీసం 30 ఉండాలి. మళ్ళీ అదే మాట బయటికొచ్చింది, "సరిపోలేదు." ఒకే మాట రెండుసార్లు, ఒకసారి నిజం, ఒకసారి దాపరికం. వరండాలో ఎవరికీ తేడా తెలియలేదు.

బావకి నేనేం చెప్పాలో తెలీలేదు. రాత్రిళ్ళు, లివర్ చెడి మతి మసకబారకుండా ఇచ్చే లాక్టులోజ్ సిరప్ పట్టించేటప్పుడు తెలివిలో ఉంటే, "ఈసారి నిజంగా మానేస్తాన్రా, ఒట్టు, మీ అక్కకి చెప్పు" అనేవాడు. నాకు తెలిసి ఆయన అబద్ధం చెప్పలేదు. మాల వేసుకున్నప్పుడు కూడా ఆయన అబద్ధం చెప్పలేదు. అదే ఆ జబ్బు. ఆ రెండు ఆసుపత్రుల్లో కలిపి బావని చూసిన సైకియాట్రిస్టు ఒక్కడు, ఒక్కసారి, ఇరవై నిమిషాలు, బిల్లులో ఒక లైను. సిర్రోసిస్ ఉన్నవాళ్ళకి కూడా తాగాలనే కోరిక తగ్గించడానికి బాక్లోఫెన్ పనికొస్తుందని 2007లోనే ఇటలీ డాక్టర్లు చూపించారు. మా దాకా ఆ మందు పేరు కూడా రాలేదు. పదిహేడేళ్ళలో ఒక్కసారి, ఊళ్ళో ఆర్‌ఎంపీ కాకుండా చదువుకున్న డాక్టరెవరైనా "ఇది జబ్బు, దీనికి మందుంది" అని బావ మొహం మీద చెప్పుంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. చెప్పినా వినేవాడు కాదేమో. వినేవాడేమో.

ఉగాది వెళ్ళిన ఆరో రోజున పోయాడు. ఆసుపత్రిలో చేరిన పదకొండో వారం. ఆరు నెలలు పూర్తవడానికి ఇంకా మూడున్నర నెలలుంది.

కాబట్టి తాగినోడికి లివరెందుకు అనేవాళ్ళతో నేను వాదించేది ఇదీ. రూలు బోర్డు తీసేసి మనిషిని చూడండి, ఆయనకి తాగుడు జబ్బని అర్థమైందా, మందు మొదలుపెట్టారా, మళ్ళీ జారితే పట్టుకునే ఏర్పాటుందా అని చూసి లిస్టులో పెట్టండి. సైకియాట్రిస్టు ఆపరేషన్ టీమ్‌లో మొదటి రోజు నుంచీ ఉండాలి, మత్తుమందిచ్చే డాక్టరు ఎలా ఉంటాడో అలాగ. ఇక ఆ లిస్టుకి లివర్లు రావాల్సింది పోయినవాళ్ళ నుంచి. దేశమంతా కలిపి చూస్తే ఏడాదికి పది లక్షల జనాభాకి అలాంటి దాత ఒక్కడు కూడా లేడు. తెలంగాణలో ప్రభుత్వం నడిపే అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ పుణ్యమా అని 2024లో ఐదుగురి దాకా తేలారు, స్పెయిన్‌లో నలభై దాటతారు. ఐసీయూల్లో బ్రెయిన్‌డెడ్ అని వేళకి తేల్చి, ఆ ఇంటివాళ్ళతో కూర్చుని ఓపిగ్గా మాట్లాడే మనుషులుంటే ఈ సంఖ్య పెరుగుతుంది. పెరిగిన ప్రతి లివర్‌తో ఒక రోగి బతకడమే కాదు, వరండాలో ఒక ఆడమనిషి మీద నుంచి అందరి కళ్ళూ పక్కకి తిరుగుతాయి. ఉస్మానియాలో ఆరోగ్యశ్రీ కింద లివర్ మార్పిళ్ళు చేసి చూపించారు కాబట్టి పాతిక లక్షలున్నవాళ్ళకే అనే మాట కూడా మారొచ్చు.

పోయిన నెల అక్క ఫోన్ చేసి జీవన్‌దాన్‌లో పేరెలా ఇవ్వాలని అడిగింది. ఆదివారం వెళ్ళి కూర్చుని నా ఫోన్లోనే ఫారం నింపాను. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలి. ఏయే అవయవాలు అన్నచోట లివర్ దగ్గర ఆగాను. పెట్టు అంది. కళ్ళజోడు పైకి నెట్టుకుని తెరంతా కిందికీ పైకీ చూసింది.

"ఎవరికివ్వాలో, ఎవరికివ్వకూడదో రాయడానికి గడి లేదేంట్రా?"

"ఉండదక్కా."

"తాగేవాళ్ళకి కూడా పోవచ్చా?"

"పోవచ్చు."

"సరే, నొక్కు" అని కాఫీ కలపడానికి లోపలికెళ్ళింది.